డాక్ తలుపు చాలని ఓడలు: చాథమ్ నుంచి హార్టిల్‌పూల్ దాకా

సోమవారం, చాథమ్

మా అమ్మాయి వాళ్లు ఉండేది ఇంగ్లండ్‌లో జిల్లింగ్‌హామ్ అనే ఊళ్లో. అక్కణ్నుంచి చాథమ్ డాక్‌యార్డుకి బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. గేటు దగ్గర టికెట్టు ధర చూసి మా ఆవిడ "ఇంత పోసి పాత చెక్కలు చూడాలా?" అంది. ఒకసారి కొన్న టికెట్టుతో ఏడాదంతా ఎన్నిసార్లయినా రావచ్చని అల్లుడు చెప్పాక కాస్త మెత్తబడింది.

నేను విశాఖలో షిప్‌యార్డు స్లిప్‌వే మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. బోర్డు మీద హిందుస్థాన్ షిప్‌యార్డు అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, మొదట కట్టిన కంపెనీ పేరుతో మాకది సింధియానే. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' సముద్రంలోకి దిగిన చోటు అది. ఆ రోజుకి నేను పుట్టలేదు గానీ ఆ తర్వాత చాలా ఓడల జలప్రవేశాలు దగ్గరుండి చూశాను. అందుకే ఈసారి రాజుల కోటలూ పెద్ద గడియారాలూ వద్దన్నాను. తెరచాపల కాలంలో ఇంత పెద్ద యుద్ధనౌకల్ని, క్రేన్లూ హైడ్రాలిక్ జాకీలూ లేకుండా నీళ్లలోకి ఎలా దించారో ఆ చోట్లు చూడాలన్నాను. "నాన్నా, మీరు సెలవుల్లో కూడా డ్యూటీకే వెళ్తారా" అని అమ్మాయి నవ్వింది.

మెయిన్ గేటు లోపల మొదట కనిపించింది ఒక ఓడ ముక్కున ఉండే పెద్ద చెక్క బొమ్మ. దాని ఓడ పేరు వెల్లెస్లీ. ఇంగ్లండ్ డాక్‌యార్డు వాకిట్లో నిలబెట్టిన ఆ బొమ్మ తాలూకు ఓడ పుట్టింది బొంబాయిలో. 1815 ఫిబ్రవరిలో అక్కడ నీళ్లలోకి దిగిన 74 ఫిరంగుల టేకు ఓడ అది. ముసలితనంలో థేమ్స్ నదిలో శిక్షణ ఓడగా ఉంటే 1940 సెప్టెంబరులో జర్మన్ విమానాలు బాంబులేసి ముంచేశాయి. నూట పాతికేళ్లు బతికి విమానం చేతిలో పోయింది పాపం. దాని చెక్కల్లో కొన్నిటిని లండన్ హైకోర్టు భవనం బాగుచేయడానికి వాడారు. బొంబాయి మేస్త్రీలు మలబారు టేకుతో కట్టిన ఓడ ఇంగ్లిష్ న్యాయస్థానంలోకి చేరిందన్న మాట మా ఆవిడకి బాగా నచ్చింది. అప్పటిదాకా ఆవిడ కళ్లు కాఫీ షాపు బోర్డు మీదే ఉన్నాయి.

నేను వచ్చింది మాత్రం రెండో నంబరు డాక్ కోసం. ఇప్పుడు అందులో రెండో ప్రపంచ యుద్ధం నాటి కావలియర్ అనే యుద్ధనౌక నిలబడి ఉంది. జనం దాని ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. నేను డాక్ గట్టు పట్టుకుని రాతి మెట్లు చూస్తూ నడిచాను. విక్టరీ కట్టింది ఇక్కడే. ట్రఫాల్గర్ యుద్ధంలో ఇంగ్లిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ నిలబడి పోరాడిన ఓడ, ఆయన ప్రాణం పోయిన ఓడ.

ఓడని నీళ్లలోకి పంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి మా విశాఖ పద్ధతి. ఒడ్డున వాలుగా కట్టిన స్లిప్‌వే మీద ఓడ తయారవుతుంది. రోజు దగ్గరపడ్డాక కింద క్రేడిల్, అంటే ఓడని మోసే చట్రం, అమర్చి, వెడ్జులు కొట్టి, బరువంతా దాని మీదికి తెచ్చి, దారి పొడవునా గ్రీజు పూసి, చివరి అడ్డు తీసేస్తే అమరం ముందుగా, అంటే వెనక భాగం ముందుగా, నీళ్లలోకి జారుతుంది. రెండోది డాక్ పద్ధతి. ఎండిన గుంటలో ఓడని కట్టి, పెద్ద పోటు వచ్చే రోజు చూసి తలుపులు తెరుస్తారు. నీరు లోపలికొచ్చి ఓడని దానంతటదే లేపుతుంది. తర్వాత తాళ్లతో బయటికి లాగుతారు. డాక్‌లో అయితే ఓడ జారదు, ఒరగదు, అందుకని బాగా పెద్దవాటికి ఇదే క్షేమం అనుకునేవాళ్లు. కాకపోతే అందులో తిరకాసు ఒకటుంది. ఓడ తలుపులోంచి పట్టాలి.

విక్టరీకి అడుగుదూలం వేసింది 1759 జూలై 23న. ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం జోరుగా సాగుతున్న కాలం. సర్ థామస్ స్లేడ్ గీసిన నమూనా. సుమారు ఆరు వేల చెట్లు, ఎక్కువ భాగం ఓక్, ఈ ఒక్క ఓడకి పోయాయి. తీరా పక్కటెముకలు నిలబెట్టాక యుద్ధంలో గెలుపు ఇంగ్లండ్ వైపు తిరిగింది, తొందర తగ్గింది. మామూలుగా కొన్ని నెలలు ఆరనిచ్చే చట్రాన్ని ఇక్కడ మూడేళ్ల దాకా గాలికి వదిలేశారు. ఓడ ఇన్నాళ్లు నిలవడానికి ఆ ఆరడమే పెద్ద కారణమంటారు. చెక్క సంగతి తెలిసినవాడెవడైనా ఒప్పుకుంటాడు. పచ్చి చెక్కతో తలుపు చేయించుకున్న ఇల్లుగలవాణ్ణి అడగండి.

పేరు పెట్టడానికీ కొంత గుండెధైర్యం కావలసొచ్చింది. దీనికి ముందున్న విక్టరీ 1744లో ఇంగ్లిష్ ఛానల్లో తుఫానుకి మునిగిపోయి, లోపలున్న వెయ్యిమందికి పైగా ఒక్కరు కూడా మిగల్లేదు. అలాంటి పేరు మళ్లీ ఎందుకని గొణిగినవాళ్లున్నారు. అయినా 1759లో వరసగా వచ్చిన విజయాల ఉత్సాహంలో ఆ పేరే ఖాయం చేశారు.

1765 మే 7 జలప్రవేశానికి ముహూర్తం. ఆ రోజు ఓడ తేలాక దాని మీద బాధ్యత చూడాల్సిన ఫోర్‌మన్ హార్ట్లీ లార్కిన్ అనే ఓడ వడ్రంగి. ఆయనకి ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది, ఇంత ఓడ ఆ తలుపులోంచి పడుతుందా అని. తెల్లవారగానే కొలిస్తే అనుమానం నిజమైంది. తలుపు సందు కనీసం తొమ్మిదిన్నర అంగుళాలు తక్కువ.

ఈ చోటికి వచ్చేసరికి నేను గట్టు మీద కూర్చుండిపోయాను. జలప్రవేశం ముందు రాత్రి మా స్లిప్‌వేలో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. గ్రీజు చాలిందా, వెడ్జు ఎక్కడైనా బిగుసుకుందా, పోటు లెక్క సరేనా అని ఒకటే టెన్షన్. ముఖ్య అతిథి భార్య టెంకాయ కొట్టే వేళకి మేం కళ్లెర్రగా నిలబడి ఉండేవాళ్లం. అయినా మా కొలతలు డ్రాయింగ్ ఆఫీసు నుంచి వచ్చేవి, వాటికి జవాబుదారీ వేరేవాళ్లు. ఇక్కడ ఆరేళ్లపాటు రోజూ ఓడనీ తలుపునీ పక్కపక్కన చూస్తూ తిరిగినవాళ్లకి జలప్రవేశం తెల్లవారుజామున తెలిసింది, అది పట్టదని. ఆ పొద్దున లార్కిన్ కడుపులో ఎంత తిప్పి ఉంటుందో నాకు తెలుసు.

ఆయన వెళ్లి పెద్ద మేస్త్రీ జాన్ అలిన్‌కి చెప్పాడు. అలిన్ కార్యక్రమం ఆపేద్దామా అన్నంత వరకూ వెళ్లాడు. ఆపితే పోటు పోతుంది, మళ్లీ అంత నీరు రావడానికి ఎన్నాళ్లు ఆగాలో. లార్కిన్ మాత్రం యార్డులో దొరికిన ప్రతి వడ్రంగినీ పంపమన్నాడు. వాళ్లు బాడిసలు పట్టుకుని డాక్ తలుపుల చెక్కని చెక్కడం మొదలుపెట్టారు. ఓడ దాటేటంత సందు వచ్చేదాకా చెక్కుతూనే ఉన్నారు. విక్టరీ క్షేమంగా బయటికొచ్చింది.

బాడిస పట్టినవాళ్లలో ఒక్కరి పేరూ ఎక్కడా రాయలేదు. లార్కిన్ పేరు మిగలడానికి కారణం కూడా ఆ తొమ్మిదిన్నర అంగుళాలే. అంతా సవ్యంగా జరిగి ఉంటే ఆయన కూడా పేరులేకుండానే పోయేవాడు.

మధ్యాహ్నం తాళ్లు పేనే రోపరీకి వెళ్లాం. మూడొందల మీటర్లకు పైగా పొడవున్న ఒకే ఒక్క హాలు. ఇప్పటికీ అక్కడ తాళ్లు తయారవుతున్నాయి. ఒక కొసన నిలబడి చూస్తే రెండో కొసన మనిషి చీమంత కనిపిస్తాడు. మనవడు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తి "తాతయ్యా, ఇది మన రైల్వే ప్లాట్‌ఫాం కంటే పెద్దది" అన్నాడు. ఈ ఊరి డాక్‌యార్డు జీతాల ఆఫీసులోనే చార్లెస్ డికెన్స్ తండ్రి గుమాస్తాగా పనిచేశాడు, డికెన్స్ చిన్నప్పుడు కొన్నేళ్లు చాథమ్‌లోనే పెరిగాడు. ఇంకో షెడ్డులో 1995లో నేల కింద దొరికిన పాత యుద్ధనౌక చెక్కలున్నాయి. నామూర్ అనే ఆ ఓడ 1756లో ఇక్కడే నీళ్లలోకి దిగింది, విప్పేశాక దాని దుంగల్ని నేలకి వేసేశారు. అవి చూస్తుంటే వడ్రంగులు గీసుకున్న గుర్తులు ఇంకా కనబడుతున్నాయి. నేను అక్కడే ఎక్కువసేపు ఉన్నాను, మావాళ్లు ఐస్‌క్రీం తిని వచ్చారు.

మంగళవారం, ఊలిచ్

పొద్దున్నించీ ముసురు. ఈ దేశంలో వాన ఎప్పుడూ పూర్తిగా కురవదు, పూర్తిగా ఆగదు. అల్లుడు సెలవు పెట్టలేదు, నేనొక్కణ్ణే రైలెక్కాను. జిల్లింగ్‌హామ్ నుంచి మారకుండా ఊలిచ్ ఆర్సెనల్ స్టేషన్లో దిగి, నది పక్కగా పడమటికి నడిచాను. ఎనిమిదో హెన్రీ రాజు 1512లో పెట్టిన డాక్‌యార్డు ఇది, 1869లో మూసేశారు. ఇప్పుడంతా ఇళ్ల కాలనీ. వాటి మధ్య రెండు పాత డాక్‌లు మాత్రం నీళ్లతో మిగిలాయి. గొడుగు వేసుకుని గాలం పట్టుకున్న ఒకాయన తప్ప మనిషి లేడు. టూరిస్టులు వచ్చే చోటు కాదు, చూడ్డానికీ పెద్దగా ఏమీ లేదు. నేనొచ్చింది 1610 సెప్టెంబరులో ఇక్కడ జరిగిన ఒక జలప్రవేశం కోసం.

ఓడ పేరు ప్రిన్స్ రాయల్. ఆ కాలానికి ఇంగ్లండ్‌లో అంత పెద్ద యుద్ధనౌక లేదు. కట్టింది ఫినియస్ పెట్. ఆ పని ఆయన చేతిలో ఉన్నందుకే ఓర్వలేనివాళ్లు బోలెడుమంది. చెక్క మంచిది కాదు, నమూనా తప్పు అని ఫిర్యాదులు వెళ్తే, 1609లో మొదటి జేమ్స్ రాజే ఊలిచ్ వచ్చి కూర్చుని విచారణ జరిపాడు. పెట్ గట్టెక్కాడు. అందుకే జలప్రవేశం నాడు ఆయన పరువు మొత్తం ఆ ఓడ మీదే ఉంది. రాజు వచ్చాడు, రాణి వచ్చింది, యువరాజు హెన్రీ వచ్చాడు, బాకాలు, డప్పులు. ఓడ వెనక మేడ మీద పెద్ద పూత గిన్నె నిండా ద్రాక్షసారా సిద్ధంగా పెట్టారు. ఓడ తేలిన క్షణాన పెద్దమనిషి ఆ గిన్నెలోంచి కొంత తాగి, ఓడకి పేరు పెట్టి, గిన్నెని నీళ్లలోకి విసిరేయడం అప్పటి ఆచారం.

పోటు వచ్చింది. ఓడ కదల్లేదు. డాక్ మూతి ఇరుకు. నీరు తీసేలోగా ఓడని బయటికి లాగలేకపోయారు. రాజుగారు విసుగెత్తి వెళ్లిపోయారు.

చాథమ్‌లో తలుపు చెక్కడానికి 155 ఏళ్ల ముందే ఇదే దేశంలో, ఇదే నౌకాదళానికి, ఇదే ఇబ్బంది వచ్చిందన్నమాట. పెద్ద ఓడ కావాలని పైనుంచి ఆజ్ఞ వస్తుంది. డాక్ మాత్రం పాతదే. వెడల్పు చేయడానికి డబ్బులిమ్మంటే ఎవరూ ఇవ్వరు. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు ఏ యార్డు గుర్తొచ్చిందో ఇక్కడ రాయను.

యువరాజు హెన్రీకి అప్పటికి పదహారేళ్లు. పగటి పోటు తప్పిపోతే రాత్రి పోటుకి వస్తానని పెట్‌కి మాటిచ్చి వెళ్లాడు. ఆ రాత్రి ఉరుములు, మెరుపులు, కుండపోత. ఇదంతా తన శత్రువులు చేయించిన పనేమోనని పెట్‌కి భయం పట్టుకుంది, తన జీవితకథలో స్వయంగా రాసుకున్నాడు. మన దగ్గరైతే చేతబడి అనేవాళ్లం. అర్ధరాత్రి దాటాక ఆ వానలోనే గుర్రం మీద యువరాజు తిరిగొచ్చాడు. ఈసారి ఓడ తేలింది, బయటికొచ్చింది. యువరాజు తాగి, పేరు పిలిచి, గిన్నెని నదిలోకి విసరకుండా పెట్ చేతికిచ్చాడు. పగలు వచ్చినంతమంది పెద్దలు అప్పుడు లేరు. నేను చదివిన జలప్రవేశాలన్నిట్లో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. పనివాడి చేతికి గిన్నె అందిన జలప్రవేశం ఇంకోటి నాకు తెలీదు.

తర్వాత్తర్వాత ప్రతి ఓడకీ ఒక ఖరీదైన గిన్నె నీళ్లపాలు చేయడం బరువై, పదిహేడో శతాబ్దం చివరికి సీసా పగలగొట్టడంలోకి దిగారు. సీసా కొట్టే పని చాలాకాలం మగవాళ్లదే. 1811లో ప్రిన్స్ రీజెంట్, అంటే రాజు బదులు పాలిస్తున్న యువరాజు, ఆడవాళ్ల చేత కొట్టించడం మొదలుపెట్టాడు. ఒకావిడ గురి తప్పి సీసా చూడ్డానికొచ్చినవాడికి తగిలిందనీ, అప్పట్నించి దాన్ని తాడుకి కట్టి వదలమన్నారనీ చెప్పుకుంటారు. మన నౌకాదళం కూడా ఆడవాళ్ల చేతే జలప్రవేశం చేయిస్తుంది, అథర్వవేద మంత్రాలు చదివి, టెంకాయ కొట్టి. టెంకాయ గురి తప్పడం నేనెప్పుడూ చూడలేదు. పగలకపోవడం మాత్రం చూశాను. అప్పుడు రెండోది అందించడానికి బుట్ట పట్టుకుని ఒక కుర్రాడు పక్కనే ఉంటాడు, ఫొటోల్లో వాడు పడడు.

బుధవారం, పోర్ట్స్‌మత్

ఇది దూరం. లండన్ వెళ్లి, వాటర్లూలో రైలు మారి, పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం కావచ్చింది. స్టేషన్ సముద్రం మీద స్తంభాల మీదే ఉంటుంది, దిగగానే ఉప్పు గాలి. మా ఆవిడకి భీమిలి గుర్తొచ్చింది.

చాథమ్ తలుపు దాటిన ఓడ 1922 నుంచి ఇక్కడి డ్రై డాక్‌లో ఉంది. ఇప్పుడు ఏళ్ల తరబడి సాగే పెద్ద మరమ్మతు. చుట్టూ పరంజా, పైన కప్పు. ప్రధాన స్తంభం దించేశారు. దూరం నుంచి చూస్తే ఓడలా కాదు, కట్టడం సగంలో ఉన్న అపార్టుమెంటులా ఉంది. కొందరు నిరాశపడి తిరిగిపోతున్నారు. నన్నడిగితే ఇప్పుడే రావాలి. పలకలు ఊడదీసిన చోట్ల పక్కటెముకలు కనబడుతున్నాయి, పుచ్చిన చెక్క తీసి కొత్త ఓక్ అతుకుతున్నారు. బూజు, పురుగు కలిసి చేసిన నష్టం ఇంతా అంతా కాదు. రంగేసి దీపాలు పెట్టిన ఓడని ఎప్పుడైనా చూడొచ్చు. విప్పిన ఓడ మళ్లీ దొరకదు.

1765లో నీళ్లలోకి దిగాక రెండు లోపాలు బయటపడ్డాయి. ఒకటి, ఓడ కుడివైపుకి ఒరిగింది. అడుగున వేసే బరువు, అంటే బల్లాస్ట్, పెంచి దాన్ని సరిచేశారు. రెండోది సరికాలేదు. అనుకున్నదాని కన్నా ఓడ నీళ్లలోకి ఎక్కువ దిగింది. కింది అంతస్తు ఫిరంగుల కిటికీలు నీటి మట్టానికి నాలుగున్నర అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. సముద్రం పొంగినప్పుడు ఆ కిటికీలు మూసే ఉంచాలని సూచనల్లో రాసేశారు. అన్నిటికన్నా బరువైన ఫిరంగులు ఉండేది ఆ అంతస్తులోనే. గాలివాన రోజు యుద్ధం వస్తే అవి దండగ. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర గాలి మందంగా ఉంది, ఆ లోటు తెలియలేదు.

నీళ్లలోకి దిగేదాకా ఓడ కాగితం మీది లెక్కే. స్టాక్‌హోమ్‌లో వాసా అనే ఓడ 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణంలో కిలోమీటరున్నర కూడా వెళ్లకుండా ఒక గాలి విసురుకి ఒరిగింది. తెరిచి ఉన్న కింది కిటికీల్లోంచి నీరెక్కి, రేవులో జనం చూస్తుండగానే మునిగింది. దాని జలప్రవేశం ఏ ఆటంకం లేకుండా అయిపోయింది, ఆ మాటకొస్తే విక్టరీ కన్నా సాఫీగా. సీసా సరిగ్గా పగిలితే శుభం, పగలకపోతే అరిష్టం అనేవాళ్లకి ఈ రెండు ఓడలూ చూపించాలి.

పోరు లేదు కాబట్టి కొత్త విక్టరీని పదమూడేళ్లు ఊరికే లంగరేసి ఉంచారు. 1778లో ఫ్రాన్స్‌తో మళ్లీ యుద్ధం వచ్చాకే పనిలోకి దిగింది. అంటే, అంత హడావుడిగా తలుపు చెక్కి బయటికి లాగిన ఓడ పుష్కరానికి పైగా ఖాళీగా కూర్చుంది. ప్రభుత్వ పని ఎక్కడైనా ఒకేలా ఉంటుంది.

నెల్సన్ పడిపోయిన చోట ఇత్తడి పలక ఉంది. దాని దగ్గర రద్దీ ఎక్కువ. మేం అయిదు నిమిషాలు చూసి కిందికి దిగిపోయాం.

గురువారం, దారిలో

కింగ్స్ క్రాస్ నుంచి హార్టిల్‌పూల్‌కి నేరుగా వెళ్లే రైలుంది. అమ్మాయి కట్టిచ్చిన పులిహోర, దారంతా పచ్చటి పొలాలు, గొర్రెలు. సాయంత్రానికి చేరి, లాడ్జిలో పడుకున్నాం. రాయడానికి ఇంతకు మించి ఏమీ లేదు.

శుక్రవారం, హార్టిల్‌పూల్

ఈ ఊరివాళ్లని చుట్టుపక్కల వాళ్లు కోతిని ఉరితీసినవాళ్లని వేళాకోళం చేస్తారు. నెపోలియన్ కాలంలో ఒక ఫ్రెంచి ఓడ మునిగి, సైనికుడి బట్టలేసిన కోతి ఒక్కటే ఒడ్డుకి చేరిందట. దాని మాట అర్థంకాక ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరేశారట. కథే. ఊరివాళ్లే దాన్ని ఫుట్‌బాల్ జట్టుకి చిహ్నం చేసుకున్నారు.

ఇంత దూరం వచ్చింది ట్రింకోమలీ కోసం. శ్రీలంక రేవు పేరు పెట్టుకున్న ఈ ఫ్రిగేట్, అంటే మధ్యరకం యుద్ధనౌక, 1817 అక్టోబరు 12న బొంబాయిలో నీళ్లలోకి దిగింది. ఇప్పటికీ నీళ్ల మీదే తేలుతోంది. బ్రిటన్‌లో తేలుతున్న యుద్ధనౌకల్లో ఇంతకన్నా పాతది లేదు. విక్టరీ పెద్దదే, కానీ అది డాక్‌లో దిమ్మెల మీద కూర్చుంది. ట్రింకోమలీ ఎక్కగానే కాళ్ల కింద సన్నటి ఊగు తెలుస్తుంది. మా ఆవిడ రెయిలింగ్ పట్టుకుంది.

దీని జలప్రవేశం వెనక కథ చాలా దూరం పోతుంది. బొంబాయిలో ఈ ఓడ కట్టమని ఆర్డరిచ్చింది 1812 అక్టోబరులో. నమూనా కాగితాలు జావా అనే బ్రిటిష్ ఓడలో బొంబాయికి బయలుదేరాయి. అదే ఓడలో బొంబాయికి కొత్త గవర్నర్‌గా వెళ్లాల్సిన జనరల్ హిస్లాప్ కూడా ఉన్నాడు. డిసెంబరు 29న బ్రెజిల్ తీరంలో అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ జావాని కొట్టి ముక్కలు చేసింది. కాగితాలు పోయాయి. కొత్త నకలు రావాలి, పని మొదలుకావాలి. అందుకే ట్రింకోమలీకి అడుగుదూలం పడింది 1816లో.

ఆ కాన్‌స్టిట్యూషన్ జలప్రవేశమూ చెప్పుకోదగ్గదే. 1797 సెప్టెంబరు 20న బోస్టన్‌లో ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్ చూస్తుండగా వదిలితే ఇరవై ఏడు అడుగులు జారి ఆగిపోయింది. రెండు రోజులాగి మళ్లీ ప్రయత్నిస్తే ఇంకో ముప్పై ఒక్క అడుగులు. బరువుకి స్లిప్‌వే కుంగి, వాలు చాల్లేదు. వాలు పెంచి అక్టోబరు 21న ముచ్చటగా మూడోసారి వదిలితే అప్పుడు దిగింది. డాక్‌లో తలుపు ఇరుకైతే స్లిప్‌వేలో వాలు తక్కువ, ఏదో ఒకటి తప్పదు. ఆ ఓడ కూడా ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతోంది. అక్కడున్న మనవాళ్లు తీరిక చేసుకుని వెళ్లి చూడాలి.

ట్రింకోమలీ కట్టిన పెద్ద మేస్త్రీ జంషెట్జీ బొమన్జీ వాడియా. ఆయన వంశానికి మూలపురుషుడు లవ్‌జీ 1736లో సూరత్ నుంచి బొంబాయి వచ్చి ఈస్టిండియా కంపెనీకి డాక్‌యార్డు నిలబెట్టాడు. అక్కణ్నుంచి తరాల తరబడి వాడియాలే పెద్ద మేస్త్రీలు. 1810లో జంషెట్జీ కట్టిన మిండెన్ 74 ఫిరంగుల ఓడ. బ్రిటిష్ నౌకాదళం ఆ స్థాయి యుద్ధనౌకని సొంత దేశం బయట కట్టించుకోవడం అదే మొదలు. 1813లో కార్న్‌వాలిస్, ఆ తర్వాత నేను సోమవారం బొమ్మ చూసిన వెల్లెస్లీ. వెల్లెస్లీ నమూనా కూడా జావాతోనే పోయింది. అయితే దాన్ని ఆపకుండా వేరే నమూనాతో కట్టేశారు. గ్రీనిచ్ మ్యూజియం వారి దగ్గర జంషెట్జీ చిత్రపటం ఉంది. తెల్లటి అంగీ, నడుముకి కట్టిన పట్టాలో దోపుకున్న వెండి స్కేలు, వెనక కిటికీలోంచి ఓడ. ఆ స్కేలు కంపెనీ ఇచ్చిన బహుమతి.

ఇక్కడి తెల్లవాళ్ల ఆచారంలో సీసా ఉంటే అక్కడ పార్సీల ఆచారంలో మేకు ఉంది. అడుగుదూలం వేసిన రోజున జంషెట్జీ అక్షరాలు చెక్కిన వెండి మేకుని స్వయంగా దూలంలోకి దిగ్గొట్టాడు. ఓడకి క్షేమం కలగాలని. మనం ఇంటికి శంకుస్థాపన చేసినప్పుడు నవరత్నాలు వేస్తాం చూడండి, అలాంటిది. నాకు ఈ పద్ధతే సబబుగా తోచింది. ఓడ కట్టడం పూర్తయిన రోజున కన్నా మొదలుపెట్టిన రోజున దాని మీద నమ్మకం ఎక్కువ కావాలి. పైగా కొట్టేవాడు అతిథి కాదు, కట్టేవాడే.

కిందికి దిగితే టేకు. ఓడలో చాలా భాగం అసలు మలబారు చెక్కే. వంగి నడవాలి, నా మోకాళ్లు రెండు అంతస్తులకే మొరాయించాయి. గైడుగా ఉన్న పెద్దాయన నేను వేలితో పలకలు తట్టి చూడటం గమనించి దగ్గరికొచ్చాడు. ఓక్‌లో ఉండే పులుపు ఇనప మేకుల్ని తినేస్తుందనీ, టేకులో ఉండే నూనె వాటిని కాపాడుతుందనీ చెప్పాడు. నాకు తెలిసిన సంగతే అయినా ఆయన చెప్పే తీరు బాగుండి విన్నాను. మీదే ఊరు అంటే విశాఖపట్నం అన్నాను, షిప్‌యార్డు అన్నాను. మీ వైపు తెరచాప ఓడలు కట్టేవాళ్లా అని అడిగాడు. కోరంగి సంగతి చెప్పాను. కాకినాడ పక్కన గోదావరి మొగలో ఒకప్పుడు ఓడలు కట్టిన రేవనీ, 1802లో అక్కడ ఇంగ్లిష్ ఓడల మరమ్మతుకి డాక్ కూడా తవ్వారనీ, 1839 తుఫాను ఆ ఊరిని తుడిచిపెట్టిందనీ చెబుతుంటే ఆయన చిన్న పుస్తకంలో పేరు రాసుకున్నాడు. కోరంగి స్పెల్లింగు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నీళ్లలోకి దిగాక ట్రింకోమలీకీ విక్టరీ గతే పట్టింది. 1819లో పోర్ట్స్‌మత్ చేరేసరికి నెపోలియన్‌తో యుద్ధం ముగిసి నాలుగేళ్లు. 1845 దాకా మూలన పెట్టి, తర్వాత ఫిరంగులు తగ్గించి, వెనక భాగం మార్చి, కరీబియన్‌కీ పసిఫిక్‌కీ తిప్పారు. 1860ల్లో ఇదే హార్టిల్‌పూల్‌లో కుర్రాళ్లకి కవాతు నేర్పే ఓడగా నిలబడింది. 1897లో ఒక పెద్దమనిషి కొని పేరు మార్చి శిక్షణ ఓడ చేశాడు, అలా 1986 దాకా నడిచింది. ఆ మరుసటి ఏడు దాన్ని బార్జి మీదెక్కించి ఇక్కడికి తెచ్చారు. ఉక్కు ఓడలు కట్టే యార్డులు మూతపడి పనుల్లేక ఉన్న ఊరు ఇది. బాగుచేయడానికి పదేళ్లకు పైగా పట్టింది, 2001కి పూర్తయింది. ఫిరంగులు మళ్లీ 1817లో ఉన్నట్టే అమర్చారు.

వచ్చేవాళ్లకి ఒక మాట. కింది అంతస్తులకి మెట్లు నిటారుగా ఉంటాయి, చెప్పులు కాకుండా బూట్లేసుకోండి. ఊలిచ్ కాక మిగిలిన మూడు చోట్లలో ఒక్కటే చూసే వీలుంటే పిల్లలతో వెళ్లేవాళ్లకి చాథమ్ మేలు. మన చేతి పని చూడాలనుకునేవాళ్లు మాత్రం రైలు ఎంతసేపైనా హార్టిల్‌పూల్ రండి. స్టేషన్ నుంచి నడిచే దూరమే. మా ఆవిడ కొట్లో ఓడ బొమ్మ ఉన్న టీ కప్పు కొంది, దాని అడుగున మాత్రం మేడిన్ చైనా అని ఉంది.